పావంగుళం గొట్టం: చల్లని నీళ్ళ చరిత్రలో ఆడవాళ్ళు

తలుపులోంచే చల్లని నీళ్ళూ ఐసు ముక్కలూ ఇచ్చే ఫ్రిజ్‌తో పాటు ఒక చిన్న పుస్తకం వస్తుంది. ఎలా బిగించాలో చెప్పే పుస్తకం. దాన్ని ఇంట్లో ఎవరూ చదవరు. బిగించడానికి వచ్చిన కుర్రాడూ చదవడు, అతనికి అంతా నోటికొచ్చు. కానీ ఆడవాళ్ళ శ్రమ గురించి ఆలోచించేవాళ్ళం ఆ పుస్తకంలో నీళ్ళ గొట్టం గురించి రాసిన పేజీని ఒక చారిత్రక పత్రంలా చదవాలని నా అభిప్రాయం.

ఆ పేజీ చెప్పేది కొంచెమే. ఫ్రిజ్‌ని తాగే నీళ్ళ గొట్టానికే కలపాలి. పావంగుళం గొట్టం చాలు. నీళ్ళు ఆపుకోవడానికి మధ్యలో ఒక వాల్వు పెట్టాలి. గొట్టంలో ఒత్తిడి కంపెనీని బట్టి చదరపు అంగుళానికి కనీసం 20 నుంచి 30 పౌన్లు ఉండాలి. ఊడ్చుకోవడానికి ఫ్రిజ్‌ని ముందుకి లాగినా గొట్టం తెగకుండా వెనక కొన్ని అడుగులు చుట్టగా వదిలెయ్యాలి. బిగించాక మొదట వచ్చే కొన్ని లీటర్ల నీళ్ళు పారబోయాలి. మొదటి రోజు తయారైన ఐసు కూడా పారెయ్యాలి. ఫిల్టరు ఆరు నెలలకోసారి మార్చాలి.

ఈ నాలుగు ముక్కల వెనక ఒక ఇల్లుంది. ఆ ఇంట్లో నీళ్ళు రాత్రీ పగలూ వస్తూనే ఉంటాయి. గొట్టంలో ఎప్పుడూ ఒత్తిడి ఉంటుంది. ఆ నీళ్ళు నేరుగా తాగొచ్చు. కొన్ని లీటర్లు పారబొయ్యమంటే ఎవరి గుండే జారదు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆ ఇంట్లో నీళ్ళు మోసే మనిషి లేదు. ఆ మనిషి అక్కర్లేకుండా చేసిన వందేళ్ళ పని ఒకటి గోడ వెనక జరిగిపోయింది. ఫ్రిజ్ కంపెనీ ఆ గోడకి చివరి పావంగుళం గొట్టం మాత్రమే తగిలించింది. మరి గోడ వెనక ఆ పని జరగని చోటికి ఈ ఫ్రిజ్ వస్తే ఏమవుతుంది? గొట్టం ఆగిపోయిన చోట ఎవరు నిలబడతారు? చల్లని నీళ్ళ చరిత్రని ఈ ప్రశ్నతో మొదలుపెడితే మనకి తెలిసిన కథ కొంచెం మారుతుంది.

నీళ్ళు చల్లబరచడం మన దగ్గర కొత్త విద్యేమీ కాదు. మట్టి కుండ గోడల్లోంచి నీళ్ళు సన్నగా చెమర్చి ఆవిరవుతాయి, పోతూ పోతూ లోపలి వేడిని పట్టుకుపోతాయి. కుండ కింద ఇసక పోసి తడపడం, చుట్టూ తడిగుడ్డ కట్టడం, గాలి వచ్చే వైపున పెట్టడం, కొత్త కుండని నానబెట్టి మట్టి వాసన పోగొట్టడం, పాత కుండ రంధ్రాలు పూడుకుపోయి నీళ్ళు చల్లబడకపోతే మార్చడం, ఇవన్నీ తెలియాలి. కోస్తాలో కూజా అన్నా, తెలంగాణలో రంజన్ అన్నా, ఈ తెలివి ఆడవాళ్ళ దగ్గరే ఉండేది. కానీ దీన్ని ఎవరూ తెలివి అనలేదు.

ఇదే పని రాజుల కొలువులో చేసినవాడికి మాత్రం ఒక ఉద్యోగం పేరుంది. నీళ్ళు చూసుకునే అతన్ని ఆబ్‌దార్ అన్నారు. అక్బరు కాలంలో సూరేకారం కలిపిన నీళ్ళల్లో పాత్ర తిప్పి తాగే నీళ్ళు చల్లబరిచే పద్ధతిని అబుల్ ఫజల్ ‘ఐన్-ఇ-అక్బరీ’లో వివరంగా రాశాడు. తర్వాత కంపెనీ దొరల ఇళ్ళల్లోనూ ఆబ్‌దార్ ఉన్నాడు, జీతం తీసుకున్నాడు. ఇంట్లో కుండ నింపి, తడిపి, కాపాడిన ఆడదానికి జీతమూ లేదు, పేరూ లేదు. పేరు లేని పని చరిత్రలోకి ఎక్కదు. ఇది మనం చాలాచోట్ల చూసిన విషయమే. చల్లని నీళ్ళ దగ్గరా అంతే జరిగింది.

1833లో అమెరికాలోని బోస్టన్ నుంచి ‘టస్కనీ’ అనే ఓడ కలకత్తాకి ఐసు తెచ్చింది. ఫ్రెడరిక్ ట్యూడర్ అనే వ్యాపారి చలికాలంలో గడ్డకట్టిన చెరువుల్ని పలకలుగా కోయించి, రంపపు పొట్టులో పొదిగి, నాలుగు నెలల సముద్ర ప్రయాణం చేయించాడు. 180 టన్నులు బయల్దేరితే 100 టన్నుల దాకా మిగిలి చేరిందని లెక్క. ఆ లాభంతో కలకత్తా, బొంబాయి, మద్రాసుల్లో ఐసు గిడ్డంగులు లేచాయి. మద్రాసు సముద్రపు ఒడ్డున 1842లో కట్టిన ఐస్ హౌస్ ఒక్కటే ఇవాళ మిగిలి ఉంది. అప్పటికి కోస్తా జిల్లాలూ రాయలసీమా మద్రాసు ప్రెసిడెన్సీలోవే. ఎక్కడి చెరువు, ఎక్కడి దాహం! ఆ ఐసు తెల్లదొరల బల్లల మీదికి, ఆస్పత్రులకి, కొద్దిమంది సంపన్నుల ఇళ్ళకి చేరింది. నీళ్ళు మోసే ఆడదానికి అది అక్కర్లేదని ఎవరూ అనలేదు, ఆమె ఉందనే ఎవరూ అనుకోలేదు.

విచిత్రమేమిటంటే అదే 1842లో న్యూయార్కు నగరానికి క్రోటన్ నది నీళ్ళు కాలువ ద్వారా వచ్చాయి. ఒక దేశం తన చెరువుల్ని పలకలుగా కోసి మన తీరానికి అమ్ముతూ, తన ఊళ్ళకి గొట్టాలు వేసుకుంటోంది. మనకి ఐసు వచ్చింది, గొట్టం రాలేదు.

ఐస్ హౌస్ కథ అక్కడితో ఆగితే వ్యాపార చరిత్ర మాత్రమే అయ్యేది. ఆవిరి యంత్రాలతో ఇక్కడే ఐసు తయారుచెయ్యడం మొదలయ్యాక ట్యూడర్ వ్యాపారం దెబ్బతింది. భవనం చేతులు మారింది. బిళిగిరి అయ్యంగార్ అనే న్యాయవాది కొన్నాడు. 1897లో వివేకానందుడు కొన్నాళ్ళు అందులో ఉన్నాడు. ఇవాళ ఆ భవనాన్ని అందరూ ఆయన పేరుతోనే గుర్తుపెట్టుకుంటారు. కానీ 1917లో ప్రభుత్వం దాన్ని కొన్నాక అందులో ఉన్నది బాలవితంతువులు. సిస్టర్ సుబ్బలక్ష్మి నడిపిన వితంతు బాలికల వసతి గృహం అక్కడికి వచ్చింది. తనూ బాలవితంతువే అయిన సుబ్బలక్ష్మి 1911లో మద్రాసు ప్రెసిడెన్సీలో పట్టా పొందిన తొలి హిందూ వితంతువు. తలలు గొరిగించుకుని, ఒంటిపూట తిని, పుట్టింట్లోనో అత్తింట్లోనో నీళ్ళు తోడి పోస్తూ బతుకు వెళ్ళదీయాల్సిన పిల్లలు, ఎవరో దొరల దాహం కోసం కట్టిన ఆ గుండ్రటి గోడల మధ్య కూర్చుని చదువుకున్నారు, టీచర్లయ్యారు. ఆ భవనం చరిత్రలో నాకు అన్నిటికన్నా పెద్ద సంగతి ఇదే. ఐసు కరిగిపోయిన చోట ఆడపిల్లల చదువు గట్టిపడింది.

ఇక గొట్టం కథకి వద్దాం. అమెరికాలో ఎలక్ట్రిక్ ఫ్రిజ్‌కి ముందు ఐసు పెట్టె ఉండేది. చెక్క అల్మైరా, లోపల రేకు, పైన ఐసు దిమ్మ. ఐసు మగవాడు తెచ్చి పెట్టేవాడు. కరిగిన నీళ్ళు కింద పళ్ళెంలో చేరేవి. ఆ పళ్ళెం నిండి వంటింట్లో నీళ్ళు కాకముందే తీసి పారబోసే పని ఇంటి ఆడవాళ్ళదీ పిల్లలదీ, లేదా పనిచేసే మనిషిది. ఇది మరిచిపోతే వాళ్ళకి చీవాట్లు. కొన్ని ఇళ్ళల్లో ఆ నీళ్ళు బయటికి పోవడానికి గొట్టం పెట్టారు. అంటే ఇంటి చల్లపెట్టెకి మొట్టమొదట తగిలించిన గొట్టం నీళ్ళు తీసుకురావడానికి కాదు, పోగొట్టడానికి.

1927లో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ‘మానిటర్ టాప్’ ఫ్రిజ్‌ని మార్కెట్లోకి తెచ్చింది. అదే కాలంలో సర్వెల్ అనే కంపెనీ గ్యాసుతో నడిచే ఫ్రిజ్‌లు చేసేది. దానికి మోటారు లేదు, చప్పుడు లేదు. అయినా కరెంటు ఫ్రిజ్‌దే పైచేయి ఎందుకయిందో సాంకేతిక చరిత్రకారిణి రూత్ ష్వార్జ్ కోవన్ పరిశోధించింది. ఏది మంచి యంత్రమన్నదాని కన్నా, ఎవరి వెనక ఎంత పెట్టుబడి ఉంది, ఎవరు ఎంత ప్రచారం చెయ్యగలరు అన్నదే తేల్చిందని ఆమె చూపించింది. మన వంటింట్లో ఏ యంత్రం మోగాలో మనల్ని అడిగి నిర్ణయించలేదు. ఆ ఓడిపోయిన సర్వెలే 1953లో తనంతట తను ఐసు తయారుచేసే ఫ్రిజ్‌ని తెచ్చింది. ట్రేలో నీళ్ళు నింపి, ఒలకకుండా నడిచి, లోపల పెట్టి, గడ్డకట్టాక విరిచి, మళ్ళీ నింపే పని పోయింది. ఆ పని పోవాలంటే ఫ్రిజ్‌కి నీళ్ళ గొట్టం కావాలి. అలా పావంగుళం గొట్టం ఇంట్లోకి వచ్చింది. తర్వాత 1960లలో తలుపు తియ్యకుండానే ఐసూ నీళ్ళూ తీసుకునే ఏర్పాటూ వచ్చింది.

మరి ఇన్ని గొట్టాలు వచ్చాక ఆ దేశపు ఆడవాళ్ళకి తీరిక దొరికిందా? కోవన్ 1983లో రాసిన ‘మోర్ వర్క్ ఫర్ మదర్’ ఈ ప్రశ్నకే జవాబు. కుళాయికి ముందు నీళ్ళూ కట్టెలూ మొయ్యడంలో మగవాళ్ళకీ పిల్లలకీ వాటా ఉండేది. కుళాయీ గ్యాసూ వచ్చి వాళ్ళ వాటాని తీసేశాయి. ఆడదాని వాటా మిగిలింది, పైగా శుభ్రతకి కొలతలు పెరిగాయి. వారానికోసారి మార్చే బట్టలు రోజూ మార్చడం మొదలైంది. జోన్ వానెక్ 1974లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం బయట ఉద్యోగం చెయ్యని గృహిణి 1920లలో వారానికి సుమారు 52 గంటలు ఇంటిపని చేస్తే, 1960లలో సుమారు 55 గంటలు చేసింది. మధ్యలో వచ్చిన యంత్రాలన్నీ కలిసి ఆమెకి మిగిల్చింది ఇది.

అయినా ఒక తేడా ఒప్పుకోవాలి. అక్కడ ఆమె బిందె మొయ్యలేదు. నడుం మీద నీళ్ళ బరువు పోవడం చిన్న సంగతి కాదు. యంత్రాల వల్ల ఆడవాళ్ళకి ఒరిగిందేమీ లేదని తేలిగ్గా అనేవాళ్ళు వేసవిలో ఒక్క వారం బోరింగు దగ్గర నిలబడి చూడాలి.

ఆ దేశంలోనూ గొట్టం అందరికీ ఒకేలా రాలేదు. ఫొటోగ్రాఫర్ ఇలియట్ ఎర్విట్ 1950లో నార్త్ కరొలైనాలో తీసిన ఒక ఫొటో మనలో చాలామంది చూసే ఉంటాం. ఒకే గోడ. ఒకవైపు తెల్లవాళ్ళకని రాసిన మంచి ఫౌంటెన్, పక్కనే నల్లవాళ్ళకని రాసిన చిన్న సింకు. గోడ లోపల నీళ్ళకి రంగు లేదు, బయటికి వచ్చే చోట వచ్చింది. ఆ ఫొటో మన దేశంలో ఎవరికీ కొత్తగా అనిపించదు. కలకత్తాకి 1870 ప్రాంతంలో గొట్టపు నీళ్ళు వచ్చినప్పుడు, అన్ని కులాలకీ ఒకే గొట్టమా అన్న చర్చ లేచింది. మడి నీళ్ళు తడిబట్టతో తనే తోడుకోవాల్సిన ఆడవాళ్ళకి మాత్రం కుళాయి సుఖమో కాదో అడిగినవాళ్ళు లేరు.

మన దగ్గర నీళ్ళ చోట ఏం జరిగిందో చెప్పడానికి ఒక్క పేరు చాలు, కారంచేడు. 1985 జూలైలో అప్పటి ప్రకాశం జిల్లాలోని ఆ ఊళ్ళో, దళితులు తాగే నీళ్ళ చెరువుని పాడుచేస్తున్న అగ్రకుల యువకుల్ని నిలదీయడంతో గొడవ మొదలైంది. నీళ్ళకి వచ్చిన మున్నంగి సువార్త తన మీదికి వచ్చినవాళ్ళకి ఎదురుగా చేతిలోని బిందె ఎత్తింది. మర్నాడు దళితవాడ మీద దాడి చేసి ఆరుగురిని చంపారు, ఆడవాళ్ళ మీద అత్యాచారాలు చేశారు. తెలుగు నేల మీద దళిత ఉద్యమం మలుపు తిరిగిన చోట నీళ్ళకి వచ్చిన ఒక ఆడమనిషి ఉంది, ఆమె చేతిలో బిందె ఉంది. నీళ్ళ చరిత్ర రాసేటప్పుడు ఇంజనీర్ల పేర్లతో పాటు ఆమె పేరూ రాయాలి.

ఫ్రిజ్ మన దేశంలో తయారవడం 1958లో గోద్రెజ్‌తో మొదలైంది. హైదరాబాదుకి సొంత ఫ్రిజ్ కూడా ఉండేది. 1942లో నిజాం ప్రభుత్వపు పెట్టుబడితో పుట్టిన ఆల్విన్ సంస్థ సనత్‌నగర్‌లో ఫ్రిజ్‌లు చేసింది. 1990లలో ఆ వ్యాపారం వోల్టాస్ చేతికి పోయింది. మా తరానికి ఫ్రిజ్ అంటే ఆల్విన్, గోద్రెజ్, కెల్వినేటర్. వీధికి ఒకటో రెండో ఉండేవి. జ్వరం వచ్చిన పిల్లాడి నుదుటికి ఐసు కావాలంటే గిన్నె పట్టుకుని ఆ ఇంటికి వెళ్ళేవాళ్ళం. ఇచ్చేది ఆ ఇంటి ఇల్లాలే గానీ, ఆమె అత్తగారి మొహం చూశాకే గిన్నె ముందుకి చాచేవాళ్ళం. ఫ్రిజ్‌కి చాలా ఇళ్ళల్లో తాళం ఉండేది, తాళంచెవి ఆమె కొంగున మాత్రం ఉండేది కాదు.

అదే సమయంలో ఫ్రిజ్ కట్నపు జాబితాలోకి ఎక్కింది. 1961లో వరకట్న నిషేధ చట్టం వచ్చింది. 1983లో 498ఎ, 1986లో 304బి సెక్షన్లు వచ్చాయి. 2024 జూలై నుంచి అవి భారతీయ న్యాయ సంహితలో 85, 80 సెక్షన్లుగా మారాయి. ఈ ఏళ్ళన్నిటిలో స్కూటరుతో పాటు ఫ్రిజ్ తేలేదని పెట్టిన ఆరళ్ళ కేసులు ఎన్నో స్త్రీల సంఘాల దాకా వచ్చాయి. శ్రమ తగ్గించే యంత్రమని ప్రకటనలు చెప్పిన వస్తువు, తెచ్చినా తేకపోయినా ఆమె మీదే బరువైంది.

ఇంకొక సంగతి ఎవరూ గమనించలేదు. ఫ్రిజ్ వచ్చి ఇంట్లో ఒక కొత్త పని పుట్టించింది. సీసాలు నింపడం. రాత్రి అందరూ పడుకున్నాక ఖాళీ సీసాలు ఏరి, కడిగి, కాచి చల్లార్చిన నీళ్ళు పోసి, వరసగా తలుపులో పెట్టాలి. తాగేవాళ్ళు అందరూ, నింపేది ఒకరు. ఖాళీ సీసా మళ్ళీ లోపల పెట్టి తలుపు వేసేవాళ్ళ గురించి ఏ ఆడవాళ్ళు కూర్చున్నచోటైనా ఒక మాట పడుతుంది, అందరూ నవ్వుతారు. ఆ నవ్వులో చాలా చాకిరీ ఉంది. పైగా ఇంటిపని చేయడానికి వచ్చే అమ్మాయికి ఆ సీసాల్లోంచి చాలా ఇళ్ళల్లో ఇవ్వరు. ఇచ్చినా గ్లాసు వేరే, ఎత్తి పోస్తారు. ఊళ్ళో టీ దుకాణం రెండు గ్లాసుల పద్ధతి మీద మనం పోరాడాం. అపార్టుమెంటు వంటింట్లో దాని మీద మాట్లాడామా?

1990ల చివరి నుంచి రెండు తలుపుల పెద్ద ఫ్రిజ్‌లు మన నగరాలకి వచ్చాయి. గొట్టం పెట్టుకునే ఫ్రిజ్ ఇక్కడ ఎందుకు ఇబ్బంది పడుతుందో లెక్క వేసి చూద్దాం. నీళ్ళు ఒక మీటరు ఎత్తు నుంచి దిగితే చదరపు అంగుళానికి సుమారు 1.4 పౌన్ల ఒత్తిడి వస్తుంది. 20 పౌన్లు రావాలంటే మేడమీది ట్యాంకు మన వంటింటి కుళాయికి 14 మీటర్ల ఎత్తున ఉండాలి. అంటే నాలుగైదు అంతస్తుల పైన. ఒంటరి ఇంట్లో, అపార్టుమెంటు పై అంతస్తుల్లో అది జరగదు. విడిగా ప్రెజర్ పంపు పెట్టాలి. ట్యాంకు నీళ్ళు నేరుగా తాగలేం కాబట్టి మధ్యలో ఆర్.ఓ. యంత్రం పెట్టాలి. ఆర్.ఓ. నుంచి బయటికొచ్చే నీళ్ళకి ఒత్తిడి తక్కువ, కాబట్టి ఇంకో చిన్న పంపు. ఇంట్లో వాడే ఆర్.ఓ. సాధారణంగా ఒక లీటరు మంచినీళ్ళకి రెండు మూడు లీటర్లు బయటికి వదిలేస్తుంది. ఆ నీళ్ళు వృథా పోనివ్వకుండా బకెట్టు పెట్టి పట్టి, నేల తుడవడానికో గిన్నెలు తోమడానికో మోసుకెళ్ళేది మళ్ళీ ఆమే.

ఈ తిప్పలు కంపెనీలకి అర్థమయ్యాయి. అందుకే మన మార్కెట్లోకి గొట్టం అక్కర్లేని మోడళ్ళు తెచ్చాయి. తలుపు లోపల మూడు నాలుగు లీటర్ల ట్యాంకు. బయట మీట నొక్కితే చల్లని నీళ్ళు గ్లాసులోకి దిగుతాయి. పెద్ద సౌకర్యమే. కానీ ఆ ట్యాంకు ఎలా నిండుతుంది? ఎవరో తలుపు తీసి, మూత తీసి, చెంబుతో పొయ్యాలి. దాన్ని వారానికోసారి ఊడదీసి కడగాలి, లేకపోతే అడుగున జిడ్డు పట్టి వాసన వస్తుంది. గొట్టం చెయ్యాల్సిన పనిని యంత్రం ఒక చేతికి అప్పజెప్పింది. ఏ చేతికో మనకి తెలుసు. ఇల్లాలిది కాకపోతే ఇంటిపని చేసే అమ్మాయిది. ఆ మీట దగ్గర గ్లాసు పెట్టే ఆమె మొగుడికి, కొడుక్కి అది తనంతట తనే వచ్చే నీళ్ళలా కనిపిస్తుంది. బయటికి గొట్టం ఉన్న ఇల్లూ, లోపల ఆడదాని చెయ్యి ఉన్న ఇల్లూ ఒకేలా ఉంటాయి. ఈ పోలికే నన్ను ఇబ్బంది పెడుతోంది. సీసాలప్పుడు కనీసం ఖాళీ సీసా కంటికి కనిపించేది, అడగడానికి వీలుండేది. ట్యాంకు తలుపు లోపల దాక్కుంది, దానితో పాటు ఆమె పనీ దాక్కుంది.

ఈ చేతుల లెక్క ప్రభుత్వ సర్వేల్లోనూ ఉంది. 2019లో దేశవ్యాప్తంగా జరిగిన కాల వినియోగ సర్వే ప్రకారం, ఇంటిపని చేసిన ఆడవాళ్ళు దాని మీద రోజుకి సగటున 299 నిమిషాలు గడిపారు. మగవాళ్ళలో ఇంటిపని చేసినవాళ్ళు గడిపింది 97 నిమిషాలు. 2024 సర్వే నాటికి ఆడవాళ్ళది 289 అయింది, మగవాళ్ళది 88. ఇద్దరికీ ఇంచుమించు పదేసి నిమిషాలు తగ్గాయి. అంటే తగ్గిన పనిని ఎవరూ పంచుకోలేదు. కోవన్ అమెరికా గురించి నలభై ఏళ్ళ క్రితం చెప్పిన మాట మన అంకెల్లోనూ వినిపిస్తోంది.

గొట్టాల సంగతికొస్తే, 2019 ఆగస్టులో జల్ జీవన్ మిషన్ మొదలైనప్పుడు పల్లెల్లో కుళాయి ఉన్న ఇళ్ళు 3.23 కోట్లు, వందకి 17. 2025 నాటికి అవి 15 కోట్లు దాటాయని ప్రభుత్వం చెబుతోంది. తెలంగాణలో 2016లో మొదలైన మిషన్ భగీరథ వల్ల ఫ్లోరైడుతో నడుములు వంగిన నల్లగొండ పల్లెలకి నది నీళ్ళు వచ్చాయి. ఇవి చిన్నవి కావు. కానీ కుళాయి ఉండటం వేరు, కుళాయిలో నీళ్ళు ఎప్పుడూ ఉండటం వేరు. రోజు విడిచి రోజు, గంటో రెండు గంటలో వచ్చే నీళ్ళకి రెండు నష్టాలున్నాయి. ఒకటి, నల్లా వచ్చే టైముకి ఇంట్లో ఒకరు ఉండాలి. తెల్లవారుజామున నాలుగింటికి వస్తే నాలుగింటికి లేవాలి. ఆ ఒకరు ఉద్యోగానికి పోలేదు, చదువుకి పోలేదు, కంటినిండా నిద్రపోలేదు. రెండు, నీళ్ళు ఆగిపోయిన గొట్టంలో ఒత్తిడి పడిపోతుంది, అప్పుడు పగుళ్ళలోంచి మురుగు లోపలికి చేరుతుంది. అందుకే కాచడం, వడగట్టడం, ఆర్.ఓ., ఇరవై లీటర్ల క్యాన్లు. గొట్టంలో ఒత్తిడి లేకపోవడం వల్ల పుట్టిన పనులన్నీ వంటింట్లోనే తేలాయి.

మన దేశంలో ఇది సాధ్యం కాదనే మాట నిజం కాదు. 2021 జూలైలో ఒడిశాలోని పూరీ నగరం ఇరవైనాలుగు గంటలూ కుళాయి నుంచి నేరుగా తాగగల నీళ్ళు ఇవ్వడం మొదలుపెట్టింది. గొట్టం వేశాక ఇక నిశ్చింతే అన్న మాటా నిజం కాదు. 2014లో అమెరికాలోని ఫ్లింట్ నగరం ఖర్చు తగ్గించుకోవడానికి నీళ్ళ మూలాన్ని మార్చింది. పాత గొట్టాల సీసం నీళ్ళలోకి దిగింది. నల్లజాతివాళ్ళూ పేదలూ ఎక్కువగా ఉన్న ఊరది. అధికారులు ఏమీ లేదన్నారు. పిల్లల ఒంటి మీద దద్దుర్లు చూసి తన ఇంటి నీళ్ళు పరీక్ష చేయించమని పట్టుబట్టిన తల్లి లీ ఆన్ వాల్టర్స్, పిల్లల రక్తంలో సీసం పెరిగిందని 2015లో లెక్కలతో బయటపెట్టిన డాక్టర్ మోనా హన్నా-అటీషా, ఇద్దరూ ఆడవాళ్ళే. గొట్టం ఉన్న ఆ ఊళ్ళో తల్లులు మళ్ళీ నీళ్ళు మోశారు, ఈసారి సీసాల పెట్టెల్లో. నీళ్ళ మీద అధికారం మన చేతిలో లేకపోతే గొట్టమైనా బిందె అయినా చివరికి ఒకే చోటికి తెస్తాయి.

కాబట్టి ఫ్రిజ్ కొనొద్దని నేను చెప్పను. కుండే మేలు, పాతకాలమే మేలు అని చెప్పేవాళ్ళలో కుండ నింపినవాళ్ళు తక్కువ. గొట్టం పెట్టించుకోగలిగితే తప్పకుండా పెట్టించుకోండి. వాల్వు ఎక్కడుందో ప్లంబరుని అడిగి తెలుసుకోండి, రాత్రివేళ లీకైతే కట్టెయ్యడం మీకూ రావాలి, ఇంట్లో మిగతా అందరికీ రావాలి. పారబొయ్యమన్న మొదటి నీళ్ళు మొక్కలకి పొయ్యండి. ట్యాంకు మోడలైతే, కొనే రోజునే నింపేదెవరో, కడిగేదెవరో మాట్లాడుకోండి. ఫిల్టరు మార్చే తేదీ మీ బుర్రలో కాకుండా గోడ మీది క్యాలెండర్లో ఉండనివ్వండి. ఇంటిపనికి వచ్చిన అమ్మాయి కూడా అదే మీట దగ్గర, అదే గ్లాసు పెట్టుకోవాలి.

ఇదంతా ఇంటి లోపలి సంగతి. బయటి సంగతి ఇంకా పెద్దది. నీళ్ళ ఒత్తిడి ఎంత ఉండాలి, ఎన్ని గంటలుండాలి అన్నవి ఇంజనీర్ల విషయాలని మనం వదిలేశాం. మద్యం, కట్నం, హింస మీద మాట్లాడినంత గట్టిగా చదరపు అంగుళానికి ఎన్ని పౌన్లు అన్నదాని మీద మాట్లాడలేదు. అవి మన నిద్రని, మన చదువుని, మన నడుముని నిర్ణయించే అంకెలు. వార్డు సభలో, గ్రామసభలో నీళ్ళ లెక్క వచ్చినప్పుడు ఎన్ని కనెక్షన్లు ఇచ్చారని ఒక్కటే అడగడం చాలదు. ఏ వాడకి ఎన్ని గంటలు వస్తున్నాయి, చివరి ఇంటి దగ్గర ఒత్తిడి ఎంత, రాని రోజు ఎవరు మోస్తున్నారు అని అడగాలి. చివరి ఇల్లు మన ఊళ్ళల్లో ఎవరిదై ఉంటుందో మనందరికీ తెలుసు. లెక్క అక్కడ మొదలుపెట్టాలి.